నా దోటి ముందు కుప్ప

గండికోటకు పోయే దారిలో, గుట్ట మొదట్లో ఒక బోర్డు పాతిపెట్టారు. మొన్న ఉగాది మరుసటి రోజు మనవరాలి స్కూటీ వెనక కూర్చుని మా పుట్టింటికి పోతూ, బండి ఆపించి దిగి ఆ బోర్డు చదివాను. చదవడం నాకు తల నెరిసినాక వచ్చిన విద్య. అందుకే దారిలో కనబడిన ఏ అక్షరాన్నీ ఊరికే వదలను. వన్యప్రాణులను వేటాడటం నేరమని రాసి ఉంది.

"అవ్వా, మీరు వేటాడింది ఈ గుట్టలోనేనా?" అని అడిగింది మనవరాలు.

"ఈ గుట్టే. నువ్వు నిలబడినావే, దానికి కొంచెం పైన."

"మెల్లగా చెప్పు. ఎవరన్నా వింటే బాగుండదు."

ఇంటికొచ్చినాక నా కొడుకు కూడా అదే పాట. "అమ్మా, ఆ వేట ముచ్చట్లు నలుగురిలో చెప్పాకు" అన్నాడు. చెప్పొద్దన్నారు కాబట్టి రాస్తున్నాను. నేను తప్పు చేశానని ఒప్పుకోవడానికి ఈ కాగితం తీసుకోలేదు. ఇప్పుడు వేటాడకూడదు, నిజమే. గుట్టలో మిగిలిన ఆ కాసిని ప్రాణాలనైనా బతకనీయాలి. కానీ ఆ గుట్టను పక్కనుంచి సగం కొరికి తిన్న కంకర మిషను దగ్గర మాత్రం ఏ బోర్డూ నాకు కనబడలేదు. మేము తిన్నది ఏడాదికొక పూట.

మాకు ఉగాది మరునాడు వేట. వేట పొద్దున ఇంట్లో ఎవరూ చెవులపిల్లి అనే మాట పలకకూడదు. పట్నం వాళ్ళు కుందేలంటారే, అదే. పేరెత్తితే గుట్టలో దానికి వినబడుతుందని, లేచి వేరే పొదలోకి పోతుందని మా పెద్దల నమ్మకం. అందుకని ఆ పొద్దంతా దాన్ని చుట్టం అనేవాళ్ళు.

"చుట్టానికి మసాలా నూరినావా?" అని మా తాత వాకిట్లోంచి అడిగేవాడు.

"చుట్టం మొగం సూసినాక నూరతాలే. పోయినేడు నూరి పెడితే రాకనే పాయె" అని లోపల్నుంచి మా జేజి అనేది. జేజి అంటే మా నాయన్ను కన్నతల్లి.

ఊర్లో వేటకు పనికొచ్చే పెద్ద వల మా ఇంట్లోదే. జనపనారతో అల్లిన వల. ఆ నారనంతా జేజి తన పిక్క మీద పెట్టి అరచేత్తో పేనింది. పేనీ పేనీ ఆమె కుడి పిక్క మీద ఒక్క వెంట్రుక లేకుండా నున్నగా, నల్లగా మెరిసేది. కన్ను కన్నుకూ ముడి వేసి అల్లింది కూడా ఆమే. తాత చేసిందల్లా తంగేడు చెక్క కాచిన నీళ్ళలో దాన్ని నానబెట్టి ఆరేయడం. అటక మీదనుంచి వల దించితే ఇల్లంతా ఒగరు వాసన కమ్ముకునేది. పండగ పూట బొబ్బట్ల వాసన కంటే నాకు ఆ వాసనే పండగ.

కానీ వేటకు పోయేది మగవాళ్ళే. ఆడవాళ్ళు నార పేనాలి, మసాలా నూరాలి, సద్ది కట్టాలి, తెచ్చింది వండాలి. ఆ ఏడు మా అన్న అరికాలిలో తుమ్మముల్లు దిగి చీము పట్టింది. వలకు ఇరువైపులా మనుషులు సరిపడా ఉండాలి. ఒక చోటు ఖాళీ పడింది. తాత, నాయన, చిన్నాయన వాకిట్లో నిలబడి ఎవర్ని పిలవాలా అని ఆలోచిస్తున్నారు.

"పాప పోతాది" అంది జేజి, రొట్టె తట్టే చెయ్యి ఆపకుండా.

చిన్నాయన పకపకా నవ్వాడు. ఆయనకూ నాకూ వయసులో పెద్ద తేడా లేదు. అప్పుడప్పుడే మీసం వస్తోంది. ఆ మీసానికి ఆయన ఇచ్చుకునే గౌరవం చూడాలి. "ఆడపిల్లనా? వేటకాడికి? సూసినోళ్ళు నవ్వుతారు."

"నవ్వేటోళ్ళు వచ్చి వల పట్టుకోమను. దీనికి కాళ్ళు ల్యావా, చేతులు ల్యావా? పొద్దున లేస్తే మేకల్ని ఆ గుట్ట మీదికి తోలేది నువ్వా, ఇదా?"

తాత నా వైపు చూశాడు. "వలకాడ కూసోబెడతా. గమ్మునుండాల. నోరు తెరిస్తే ఇంటికి తోలేస్తా."

నాకు కట్టె లేదు. వేటకు పోయే ప్రతివాడికీ చేతిలో ఒక కట్టె ఉంటుంది. నేను మూలనున్న దోటి తీసుకున్నాను. మేకలకు తుమ్మకాయలు రాల్చే పొడుగాటి కర్ర, కొనకు కొంకి ఉంటుంది. అది నా కంటే రెండింతలు పొడుగు. గుమ్మం దాటేటప్పుడు చూరుకు తగిలి చిన్నాయన నెత్తిన ఇంత దుమ్ము పడింది.

సద్దిలో జొన్నరొట్టెలు, చెనక్కాయలు నూరిన ఊరిబిండి, పచ్చి ఎర్రగడ్డలు. గుట్ట ఎక్కేముందు ఒక రాయికి పసుపు పూసి, బెల్లం ముక్క పెట్టి అందరూ మొక్కారు. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు నేను సగం బెల్లం కొరికి నోట్లో వేసుకున్నాను. కళ్ళు తెరిచిన తాత రాయిని చూశాడు, నా బుగ్గను చూశాడు. "ఈ పొద్దు స్వామికి ఆకలి శానా ఉన్నట్లుండాది" అని ముందుకు నడిచాడు.

గుట్ట పాదం పొడుగునా వల కట్టారు. కలివి పొదల వెనక మేము దాక్కున్నాం. కొందరు గుట్ట పైకి పోయి, పొదల్ని కొడుతూ అరుస్తూ కిందికి దిగుతారు. ఆ చప్పుడుకు లేచినవి వల వైపుకు వస్తాయి. ఏదన్నా వస్తూంటే పైనున్నవాళ్ళు 'చుట్టమొచ్చె' అని కేక వేయాలి. అదీ పద్ధతి.

ఎండ ఎక్కుతోంది. ఎండిన గడ్డి వాసన, కుక్కల వాసన, పక్కనున్న తాత చుట్ట వాసన. ఇంతలో పైనుంచి కేక వినబడింది. "చుట్టమొస్తాండాడోయ్! చుట్టమొస్తాండాడు!"

పొదలు కదిలాయి. తెల్లగా ఏదో మెరిసింది. కుక్కల్ని వదిలారు. చిన్నాయన కట్టె ఎత్తి ఉరికాడు. ఆ తెల్లటిది పెద్దగా కేక పెట్టి, గుట్ట మీంచి దొర్లినట్టు వచ్చి వలలో పడింది. చూస్తే మా మేనత్త మొగుడు. పక్క ఊరి మామ. పండగకు వచ్చి, మగవాళ్ళంతా గుట్ట కాడ ఉన్నారని ఇంట్లో చెబితే, కొత్త పంచె కట్టుకుని గొడుగు పట్టుకుని గుట్ట మీది అడ్డదారిన వచ్చాడు. పైనున్నవాడు నిజంగా చుట్టాన్ని చూసి చుట్టమొస్తాండాడని అరిచాడు. పాపం, మరేమని అరవాలి?

మామ వలలో వెల్లకిలా పడి, పైకెత్తిన చిన్నాయన కట్టెను చూస్తూ, "ఏమప్పా, ఇంటల్లునికి మీ ఊర్లో ఇట్లనా మర్యాద?" అన్నాడు. కుక్క ఒకటి ఆయన పంచె చెంగు పట్టుకుని వదలడం లేదు.

తాత నవ్వు ఆపుకుంటూ వల తప్పించాడు. "ఏమనుకోవద్దు అల్లుడా. వలలో పడినావు గదా, వేటలో నీకూ ఒక పాలుండాదిలే."

నవ్వులు సద్దుమణిగి మళ్ళీ అందరూ పొదల్లో కూర్చున్నాక, అసలైన చుట్టం వచ్చింది. నా దగ్గరికే వచ్చింది. వల ఒక్కసారి బుంగలా ఉబ్బి కిందికి జారింది. నేను దోటి పారేసి దాని మీద పడ్డాను. కాళ్ళతో అది నా ముంజేయి గీరింది. ఆ గీత ఇప్పటికీ ఉంది, కావాలంటే చూపిస్తాను. అరచేతి కింద దాని గుండె దడదడలాడుతోంది. నేను వదల్లేదు. చిన్నాయన వచ్చి పని ముగించాడు.

"అప్పుడు నీకు జాలేయలేదా అవ్వా?" అని అడిగింది మనవరాలు, బోర్డు దగ్గర. ఆ పిల్ల మాంసం ముట్టదు. వేసిందని చెబితే దానికి సంతోషం. నాకు వేసింది ఆకలి.

ఆ పొద్దు ఇంకో రెండు దొరికాయి. వంకలోకి దిగాం. నీళ్ళు లేని వంక, మెత్తటి ఇసక. అక్కడే పంపకం. దాని పద్ధతి చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా దాని మీదే ఉంది. వేటకు వచ్చిన ప్రతివాడూ తన కట్టెను ఇసకలో వరసగా పెడతాడు. ఒక్కో కట్టె ముందు తంగేడు కొమ్మ పరిచి, దాని మీద ఒక మాంసం కుప్ప. అదే వాడి పాలు, వాడి వంతు. వలకు ఒక పాలు, అది వల ఉన్న ఇంటికి పోతుంది. కుక్కకు ఒక పాలు, కుక్క మెడతాడు వరసలో పెడతారు. ఇంట్లో పడుకున్న మా అన్న కట్టెను నాయన పెట్టాడు. మామకు కట్టె లేదు కాబట్టి తన గొడుగు పెట్టాడు.

నేను నా దోటి పెట్టాను. అది అన్నిటికంటే పొడుగు కదా, వరస దాటి ఇసకలోకి పోయింది.

చిన్నాయన దాన్ని కాలితో తన్నాడు. "ఇదేంది? మనం చింతకాయలు రాల్చేదానికొచ్చినామా?" అని, తీసి వంక అవతలికి విసిరేశాడు. అందరూ నవ్వారు.

నేను పోయి దోటి పెట్టిన చోట వరసలో కూర్చున్నాను, కాళ్ళు బారజాపి. "కట్టె ల్యాకపోతే నేనుండా. నా ముందర పెట్టండి."

"లెయ్ పాపా" అన్నాడు నాయన, మెల్లగా.

"లెయ్యను. మామ ఊరికే పడినాడు, ఆయనకుండాది. కుక్క పంచె పట్టుకునింది, దానికుండాది. నేను చుట్టాన్నే పట్టుకున్యా. నాకు ల్యాదా?"

మామకు జాలేసింది. "నా దాంట్లో సగం తీసుకో పాపా."

"నీ దానం నాకెందుకు మామా? నా పాలు నాకు గావాల."

అప్పుడు తాత గొంతుక్కూర్చున్నాడు, నాకెదురుగా. ఆయన కోపపడలేదు. కోపపడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. "మే, ఇది కూరాకు పంచినట్లు కాదు. ఈ పొద్దు నీకు కుప్ప పెడితే ఏటేటా పెట్టాల. నువ్వు బతికున్నన్నాళ్ళూ, యాడున్నా పెట్టాల. కట్టె పెట్టినోడు వేటకు రాల్యాకపోయినా పాలు ఆపకూడదు. రేపు నిన్ను ఏ ఊరికిస్తామో. ఆ ఊరికి ఎవుడు మోస్తాడు?"

"కాళ్ళుండేటోళ్ళు మోస్తారు."

ఎవరూ నవ్వలేదు. తాత లేచి పంపకం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరి కట్టె ముందూ కుప్ప పడింది. నా దగ్గరికి వచ్చి, నా కాళ్ళు దాటి, పక్క కట్టె ముందు పెట్టాడు. అట్లా నా కాళ్ళు దాటడం నేను ఈ పొద్దుకీ మరిచిపోలేదు. ముక్క కోసం కాదు. ఆ వరసలో నేను మనిషిని అవునా కాదా అని అడిగితే, కాదని ఇసకలో రాసినట్టయింది.

ఇంటికి వచ్చేసరికి జేజి పొయ్యి కాడ మసాలా నూరుకుని ఉంది. ఎండుకొబ్బరి, గసాలు, మిరియాలు, ఎర్రగడ్డ. వాసనకే నోరూరింది. తాత, నాయన, చిన్నాయన తమ కుప్పలు, మా అన్న కుప్ప, వల కుప్ప ఆమె ముందు పెట్టారు. ఆమె చూసింది.

"పాపది యాడ?"

నేను చెప్పాను. ఏడవకుండా చెప్పాను, దోటి విసిరేసింది కూడా.

జేజి చేతులు కడుక్కుంది. పొయ్యిలో కట్టెలు బయటికి లాగి నీళ్ళు చల్లింది. వలను ఈడ్చుకుంటూ పోయి వాకిట్లో కూర్చుంది. ఒక కొన వెతికి పట్టుకుని ముడి విప్పడం మొదలుపెట్టింది.

తాత పరుగున వచ్చాడు. "ఏం జేస్తాండావే?"

"నాది నేను తీసుకుంటాండా. వలకు పాలిచ్చినారే, వల ఎవుర్ది? పేనింది నా కాలు. అల్లింది నా చెయ్యి. ఇన్నేండ్లు ఆ పాలు ఎవుర్ది అని నేనడగలా. మీరూ చెప్పలా. ఆడదాని పాలు మీ తట్టలో వస్తే తియ్యగుండాది, పిల్ల నోరు తెరిచి అడిగితే చేదా?"

"అది పద్ధతే. నేను పెట్టిందా?"

"పద్ధతి నాక్కూడా ఉండాది. నేను వేసిన ముడి నేను ఇప్పొచ్చు."

ముడి మీద ముడి ఊడుతోంది. జనపనార పోగులు ఆమె ఒళ్ళో గడ్డిలా పడుతున్నాయి. అటుపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. లోపల మాంసం మీద ఈగలు ముసురుతున్నాయి. పొయ్యి చల్లారిపోయింది. మామ తిన్నె మీద కూర్చుని కడుపు నిమురుకుంటూ, "అత్తా, నేనేం జేసినా? నేను పడినోణ్ణే గదా" అన్నాడు.

"నువ్వు గమ్మునుండప్పా. నీ గొడుక్కుండే విలువ నా మనవరాలికి ల్యాకపాయె."

మనిషి దూరేంత సందు పడినాక తాత లేచాడు. "ఆపు" అన్నాడు. తర్వాత చిన్నాయన వైపు తిరిగాడు. "పోయి ఆ దోటి తేపోరా."

"ఈ ఎండలోనా? ఇంట్లో ఇంగో కర్ర ల్యాదా?"

"పాప పెట్టిన కర్ర అదే. పో."

జేజి తాతను వదల్లేదు. "నీ కుప్పలోంచి తీసి దాని మొగాన పడేస్తే ఒప్పుకోను. ఒకరి దాంట్లోంచి తీస్తే దానం. అందరి దాంట్లోంచి తీస్తేనే పాలు."

తాత మోదుగాకు విస్తరి తీసుకుని వీధిలోకి నడిచాడు. నేను వెనకాలే పోయాను. వేటకొచ్చిన ప్రతి ఇంటి ముందూ ఆగి, "పాపకు పాలు. ఒక ముక్క ఎయ్యండి" అన్నాడు. ఎవరి దగ్గరా చెయ్యి చాచని మనిషి. తలపాగా సర్దుకుంటూ, గొంతు తగ్గించకుండా అడిగాడు. ఒకరు మంచి ముక్క వేశారు. ఒకరు తల ఎముక వేశారు. ఒకాయన "ఇంగ మా కోడండ్లూ అడుగుతారే" అని గొణిగితే తాత, "అడిగితే పెట్టు. అడగకముందే పెడితే ఇంగా మేలు, నా మాదిరి వీధులెంబడి తిరిగే పని తప్పుతాది" అన్నాడు.

తిరిగొచ్చేసరికి చిన్నాయన చెమటలు కక్కుతూ దోటితో నిలబడి ఉన్నాడు. కాళ్ళు బొబ్బలెక్కాయి. విసురుగా పోతూ చెప్పులు మరిచాడట. దోటి వాకిట్లో పెట్టించి, దాని ముందు తాత తన చేత్తో కుప్ప పెట్టాడు. పిడికెడు. అందులో ఎముకే ఎక్కువ. జేజి దాన్ని వేరే చిన్న చట్టిలో వండింది. "ఇది పాపది. ఎవురూ గరిటె పెట్టాకండి" అని అందరికీ చెప్పింది.

చిన్నాయన నా పక్కకు జరిగి, "నాకొక ముక్క పెట్టవామే? ఎండలో నడిచినా గదా" అన్నాడు. పెట్టలేదు. దానికి ఇప్పటికీ నాకేమీ విచారం లేదు. ఆ మిరియాల ఘాటు, ఆ రొట్టె, ఎముక పీల్చిన ఆ రుచి, మళ్ళీ ఏ కూరలోనూ రాలేదు.

జేజి ఆ సందును మళ్ళీ అల్లలేదు. అల్లమని తాత కూడా అడగలేదు. మరుసటి ఏడు వల కట్టినప్పుడు తాత నన్ను ఆ సందు కాడికి తీసుకుపోయి, "ఈడ నువ్వే నిలబడాల. నువ్వు ల్యాకపోతే ఈడ్నుంచి అన్నీ పోతాయి" అన్నాడు. పెళ్ళయ్యేదాకా ప్రతి ఏడూ ఆ సందులో నేనే నిలబడ్డాను.

నన్ను ఎర్రగుంట్ల దిక్కు ఇచ్చారు. మొదటి ఉగాది మరునాడు, ఎండ పడమటికి వాలినాక, తాత తడిగుడ్డలో ఆకు పొట్లం చుట్టుకుని మా అత్తగారి వాకిట్లో దిగాడు. కాళ్ళనిండా దుమ్ము. పొట్లం విప్పి చూసి మా అత్త మూతి తిప్పింది.

"ఏందప్పా ఇది? ఎవురైనా ఆడపిల్లకు చీర తెస్తారు. నువ్వు చెవులపిల్లి కాలు తెచ్చినావు."

"చీర మాకిష్టమైతే పెడతాం తల్లీ, కష్టమైతే మానుకుంటాం. ఇది దాని పాలు. ఇయ్యక తప్పదు" అన్నాడు తాత.

ఆ మాట తర్వాత ఆ ఇంట్లో నన్ను ఎవరూ నువ్వెంత అనలేదు. అన్నా నేను ఊరుకోలేదు, అది వేరే సంగతి. తాత పోయినాక చిన్నాయన మోశాడు. మొదట్లో సణుక్కుంటూ, తర్వాత తర్వాత మా ఇంట్లో దొరికే కాఫీ కోసం. వేట ఆగిపోయినాక మావాళ్ళు ఆ రోజున ఒక పొట్టేలును కోసి, అదే వరసలో పంచుకుంటున్నారు. కట్టెలు పోయి బండి తాళాలు, చెప్పులు వచ్చాయి. నేను మాత్రం నా చేతికర్ర పెడతాను. కొంకి లేదు, అంతే.

ఈ ఏడు పంచింది చిన్నాయన మనవడు. అన్ని కుప్పలూ పెట్టేశాడు. నా మనవరాలు వచ్చి తన హెల్మెట్ తీసి వరసలో పెట్టింది. కల్లూరులో ఉద్యోగం చేసుకునే పిల్ల, గుడ్డు కూడా తినదు.

"నీకెందుకు పాపా కుప్ప? నువ్వు తినవు గదా" అన్నాడు ఆ పిల్లోడు.

"తినేదీ తినకపోయేదీ నా ఇష్టం మామా. పెట్టు."

"ఇంగ మిగల్లేదు. మీ అవ్వ దాంట్లోంచి కొంచెం తీసిస్తాలే."

"అట్లా వద్దు. అందరి దాంట్లోంచీ తియ్యి."

దారిలో బోర్డు కాడ అంతసేపు నాతో కొట్లాడిన పిల్ల, కథ మొత్తం చెవిన వేసుకుందన్నమాట. వాడు నవ్వి, హెల్మెట్‌ను పక్కకు జరపబోయాడు. మంచం మీద గోడకానుకుని కూర్చున్న చిన్నాయన, పళ్ళు లేని నోటితో గట్టిగా కేకేశాడు.

"పెట్రా దానికి! ల్యాకుంటే మళ్ళీ ఎవుర్నో ఎండలో వంక దాకా తోలుతారు. నా కాళ్ళలో ఇంగ శక్తి ల్యా."

వాడు ఒక్కో కుప్పలోంచి ఒక్కో ముక్క తీసి హెల్మెట్ ముందు పెట్టాడు. మనవరాలు ఆ ఆకు రెండు చేతులా ఎత్తుకుని గోడ వెనక్కు పోయి కుక్కలకు వేసి వచ్చింది. ఎవరో "అంత మాంసం పాడు జేసె" అన్నారు. పాడు చేయడమేంది? దాని పాలు, దాని ఇష్టం. నేను ఎముక పీల్చినట్టే అది కుక్కలకు పెట్టుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు, ఆ వల ఎక్కడుందని అడిగింది. వల లేదు. అటక మీదే ఎలుకలు ముక్కలు ముక్కలుగా కొరికేశాయి. జేజి విప్పిన చోట మాత్రం వాటికి కొరకడానికి ఏమీ దొరికి ఉండదు.